నూనె చుక్క గుండ్రంగా లేదు, ముడతలు పడింది: బ్యాక్టీరియా పనా, నా పొరపాటా?

కెరటం_చివర
సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు చేస్తున్నాను. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల మధ్య నీటి మీద రంగురంగుల జిడ్డు తెట్టు తేలుతూ ఉంటుంది కదా, అక్కడ సీసాతో నీళ్లు పట్టి తెచ్చి, అందులోంచి నూనె తినే బ్యాక్టీరియాను వేరు చేశాను. బుష్నెల్-హాస్ మీడియంలో (లవణాలే ఉండే, తిండి లేని ద్రవం) 3 శాతం ఉప్పు కలిపాను. తిండిగా 1 శాతం హెక్సాడెకేన్ అనే నూనె తప్ప ఇంకేమీ వేయలేదు. 28 డిగ్రీలు, షేకర్ 150 ఆర్‌పీఎమ్.

మొదటి రోజు ఏమీ లేదు. మూడో రోజుకి పైన తేలే నూనె చుక్కల చుట్టూ తెల్లటి పొర కట్టింది. ఐదో రోజు ఒక చుక్కను స్లైడు మీద వేసి చూస్తే అది బంతిలా లేదు. ఎండబెట్టిన ఉసిరికాయలా ముడతలు పడి ఉంది. కొన్ని చుక్కలకి చిన్నచిన్న బొడిపెలు కూడా వచ్చాయి. నూనె నీళ్లలో ఉంటే గుండ్రంగానే ఉండాలి కదా?

మా గైడ్ ఒక్క క్షణం చూసి "కంటామినేషన్, పారెయ్" అన్నారు. పారెయ్యబుద్ధి కాక ఫ్లాస్కుని షేకర్ మీదే ఒక మూలకి జరిపి ఉంచాను. రేపు క్లీనింగ్ డే. ఎవరైనా త్వరగా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

మైక్రో_మాష్టారు
సోమవారం, రాత్రి 11:15

ముందు ఆ ఫ్లాస్కు మీద పెద్ద అక్షరాలతో "పారేయవద్దు" అని రాయమ్మా. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పొర కట్టడంలో వింతేమీ లేదు. హెక్సాడెకేన్ లీటరు నీటిలో కొన్ని మైక్రోగ్రాములు మాత్రమే కరుగుతుంది. అంటే కరగనట్టే. బెంజీన్ అయితే లీటరుకి దాదాపు 1.8 గ్రాములు కరుగుతుంది, నీళ్లలో ఈదుతూ కూడా దాన్ని తినొచ్చు. హెక్సాడెకేన్ విషయంలో ఆ వీలు లేదు. తిండి ఉన్నది నూనె చుక్క అంచున. తినాలంటే పోయి ఆ అంచునే అతుక్కోవాలి. అలా అతుక్కున్న కణాలు జిగురు వదులుతూ ఒకదాన్నొకటి పట్టుకుంటే అదే బయోఫిల్మ్. మనం మామూలుగా బయోఫిల్మ్ అంటే పళ్ల మీద పాచి, పైపులో పాకుడు గుర్తు చేసుకుంటాం. అక్కడ కింద ఉన్న పన్ను, పైపు తిండి కాదు, కూర్చోవడానికి చోటు మాత్రమే. నీ ఫ్లాస్కులో కూర్చున్న పీటే అన్నం.

ఒక అనుమానం మాత్రం తీర్చుకోవాలి. బుష్నెల్-హాస్‌లో ఫాస్ఫేట్ ఎక్కువ. ఆటోక్లేవ్ చేశాక (ఒత్తిడి ఆవిరితో శుద్ధి చేశాక) తెల్లటి అవక్షేపం పడుతుంది. ఆ పొర బ్యాక్టీరియాయా, ఫాస్ఫేటా? ఒక చుక్క తీసి, పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం బొట్టు వెయ్యి. ఫాస్ఫేట్ అయితే కరిగిపోతుంది. పొర నిలబడితే అది బ్రతికినదే.

ఇంకోటి, మామూలు స్లైడు మీద కవర్‌స్లిప్ పెడితే చుక్క నలిగిపోతుంది. గుంట స్లైడు వాడు.

బోటు_మెకానిక్
సోమవారం, రాత్రి 11:52

నేను చదువుకున్నది పదో తరగతి, మాష్టారి ముందు మాట్లాడ్డం పెద్ద మాటే. కానీ ఈ పాకుడు సంగతి నాకు బాగా తెలుసు. హార్బర్‌లో మరబోట్ల ఇంజిన్లు చేస్తాను.

వేట నిషేధం రెండు నెలలూ బోటు కదలదు. జూన్‌లో బయలుదేరే రోజు ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, ముక్కుతూ మూలుగుతూ గంట నడిచి ఆగిపోతుంది. డీజిల్ ఫిల్టర్ విప్పితే లోపల నల్లటి జిగురు. కోడిపెంట రంగు, ముట్టుకుంటే చీమిడిలా సాగుతుంది, పుల్లటి వాసన. మొదట్లో కల్తీ డీజిల్ పోశారని బంకు వాడి మీద గొడవకి పోయేవాళ్లం. తర్వాత ఒక ఓడ ఇంజినీరు చెప్పాడు, ట్యాంకు అడుగున చేరిన నీటికీ పైనున్న డీజిల్‌కీ మధ్య గీత ఉంటుంది చూశావా, అక్కడ పుడుతుంది ఇది అని. అప్పట్నుంచి వారానికోసారి అడుగు కుళాయి తిప్పి నీళ్లు వదిలేస్తున్నాం. నీళ్లు లేకపోతే జిగురు లేదు.

మీరు మాట్లాడేది ఇదేనా?

మైక్రో_మాష్టారు
మంగళవారం, ఉదయం 6:05

అక్షరాలా ఇదే తమ్ముడూ. బ్యాక్టీరియాకి నీరూ కావాలి, నూనే కావాలి. రెండూ దొరికేది ఆ గీత దగ్గరే. డీజిల్ ట్యాంకుల్లో బ్యాక్టీరియాతో పాటు బూజు జాతులు కూడా ఉంటాయి. విమానం ఇంధన ట్యాంకుల్లో పెరిగే హార్మోకోనిస్ రెసినే అనే బూజు ఇలాంటిదే. పుల్లటి వాసన అన్నావు చూడు, నూనె అణువు కొసని ఆమ్లంగా మార్చి తినడమే వీటి పద్ధతి. ట్యాంకు అడుగు రేకు తుప్పు పట్టడంలోనూ ఆ ఆమ్లాల చేయి ఉంటుంది.

అడ్డప్రశ్న
మంగళవారం, ఉదయం 8:30

ఒక సందేహం. సముద్రంలో చమురు మనిషి ఒలకబోసింది కదా. ఓడలూ రిగ్గులూ వచ్చి నూట యాభై ఏళ్లు కూడా అయ్యిందో లేదో. అప్పుడే దాన్ని తినడానికి ప్రత్యేకంగా బ్యాక్టీరియా పుట్టేసిందా? అంత తొందరగానా?

ఇంకోటి, ఇవే ఉంటే సముద్రంలో చమురు పడ్డప్పుడల్లా ఎందుకంత గోల? విమానంలోంచి పొడి చల్లేస్తే పోదూ?

మైక్రో_మాష్టారు
మంగళవారం, ఉదయం 9:20

మొదటి ప్రశ్నకి జవాబు. మనిషి పుట్టకముందు నుంచీ సముద్రంలో హైడ్రోకార్బన్లు ఉన్నాయి. అడుగున పగుళ్లలోంచి ఏటా సుమారు 6 లక్షల టన్నుల ముడి చమురు తనంతట తానే ఊరుతుందని అంచనా. దానికన్నా విచిత్రం, ప్రోక్లోరోకోకస్, సినెకోకోకస్ అనే అతి చిన్న నీలిఆకుపచ్చ జీవులు తమ ఒంట్లోనే పెంటాడెకేన్, హెప్టాడెకేన్ లాంటి ఆల్కేన్లు (హెక్సాడెకేన్ కుటుంబపు నూనెలే) తయారు చేసుకుంటాయి. 2015లో వచ్చిన లెక్క ప్రకారం సముద్రం మొత్తం మీద ఇది ఏటా 30 కోట్ల టన్నుల పైమాటే. పుడుతున్నది పుడుతున్నట్టే ఎవరో తినేస్తున్నారు కాబట్టి మనకి కనపడదు. ఆ తినేవాళ్లు ఎప్పుడూ అక్కడే ఉన్నారు, కొద్దిమందిగా. చమురు పడగానే పండగ.

ఆ పండగకి ముందు వచ్చే పేరు ఆల్కనివోరాక్స్ బోర్కుమెన్సిస్. ఉత్తర సముద్రంలో జర్మనీ వాళ్ల బోర్కుమ్ దీవి దగ్గర దొరికింది కాబట్టి ఆ పేరు. 1998లో వర్ణించారు, 2006లో దాని జీనోమ్ చదివారు. చక్కెర ఇస్తే ముట్టదు. ఆల్కేన్లు, వాటికి దగ్గరి పదార్థాలు కొన్ని, అంతే. మామూలు సముద్రపు నీటిలో వెతికితే దొరకడం కష్టం. చమురు తెట్టు పడిన కొద్ది రోజులకి అదే నీటిలో ఉన్న బ్యాక్టీరియాలో సింహభాగం ఇలాంటి నూనెబతుకు జాతులదే అవుతుంది.

రెండో ప్రశ్న రిఫైనరీ పెద్దాయన చూస్తారు, ఆయనకి లెక్కలంటే ఇష్టం.

రిఫైనరీ_రిటైర్డ్
మంగళవారం, ఉదయం 11:10

పిలిచారు కాబట్టి వచ్చాను.

మిల్లీమీటరు వ్యాసం ఉన్న ఒక నూనె చుక్క తీసుకోండి. దాన్ని 10 మైక్రాన్ల చుక్కలుగా విడగొడితే పది లక్షల చుక్కలు వస్తాయి. నూనె అంతే, ఉపరితలం మాత్రం 100 రెట్లు. తినేవాళ్లు అంచునే కూర్చోవాలన్నప్పుడు, భోజనాల బంతిలో కూర్చునే చోటు ఎంత అన్నదే అసలు బేరం. ఎంతమంది ఆకలితో ఉన్నారన్నది తర్వాతి మాట. కూర్చోవడానికి ఆకులు లేని పెళ్లిలో బంధువుల్ని ఇంకా పిలిస్తే లాభమేమిటి?

2010లో మెక్సికో సింధుశాఖలో మాకోండో బావి పేలినప్పుడు చేసింది ఈ లెక్క మీదే. 1,500 మీటర్ల లోతు, 87 రోజులు కారింది. చమురును చిన్న చుక్కలుగా విరజిమ్మే రసాయనాలు సుమారు 70 లక్షల లీటర్లు వాడారు, అందులో మూడో వంతు పైగా సముద్రం అడుగున బావి నోటి దగ్గరే పోశారు. చుక్కలు చిన్నవైతే బ్యాక్టీరియాకి చోటు పెరుగుతుందని ఆశ.

ఇక పొడి చల్లడం. మన ఆనంద మోహన్ చక్రవర్తి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఉండగా నాలుగు ప్లాస్మిడ్లు (బ్యాక్టీరియా కణంలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్టలు) ఒకే సూడోమోనాస్‌లో చేర్చి నూనె తినే సూక్ష్మజీవిని తయారు చేశారు. ప్రాణం ఉన్నదానికి పేటెంట్ ఇవ్వొచ్చా అన్న కేసు అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1980లో 5-4 తేడాతో ఆయన గెలిచారు. చట్టంలో చరిత్ర. సముద్రంలో మాత్రం ఆ జీవిని ఎప్పుడూ వదల్లేదు. సముద్రంలో అప్పటికే ఉన్నవాళ్లతో బయటి నుంచి వచ్చినవాడు నెగ్గుకురావడం కష్టం. ఢిల్లీలో టెరీ సంస్థ తయారు చేసిన ఆయిల్‌జాపర్ కూడా మొక్కజొన్న కండె పొడిలో పట్టించిన బ్యాక్టీరియానే. అది నేల మీద చమురు బురద గుంటల్లో బాగా పనికొస్తుంది. అక్కడ దున్నొచ్చు, తడపొచ్చు, ఎరువు వెయ్యొచ్చు. అలల మీద ఏం దున్నుతాం?

అడ్డప్రశ్న
మంగళవారం, మధ్యాహ్నం 1:00

ఎరువు అన్నారు. నూనె తినేవాడికి ఎరువెందుకు?

మైక్రో_మాష్టారు
మంగళవారం, మధ్యాహ్నం 2:45

నూనెలో ఉన్నది కార్బన్, హైడ్రోజన్. కణం కట్టుకోవాలంటే నత్రజని, భాస్వరం కూడా కావాలి. సముద్రపు నీటిలో అవి తక్కువ. నెయ్యి డబ్బా ముందు పెట్టి పప్పు, కూర ఇవ్వకపోతే ఎన్నాళ్లు బతుకుతావు? 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు రాళ్ల తీరానికి పట్టినప్పుడు బ్యాక్టీరియాను చల్లలేదు, ఎరువు చల్లారు. నూనెకి అంటుకునే ద్రవ ఎరువు ఒకటి, మెల్లగా కరిగే గుళికలు ఒకటి. అక్కడున్న జీవులే పని వేగం పెంచుకున్నాయి.

ఆక్సిజన్ లెక్క కూడా చెబుతాను. ఒక గ్రాము నూనె పూర్తిగా కాలిపోవాలంటే సుమారు మూడున్నర గ్రాముల ఆక్సిజన్ కావాలి. వెచ్చటి సముద్రపు నీరు లీటరులో ఆరేడు మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే ఉంటుంది. అంటే ఒక్క గ్రాము నూనెకి 500 లీటర్ల నీటిలో ఉన్న ఆక్సిజన్ అంతా కావాలి. ఒక డ్రమ్ము చమురు ఒలికితే ఎన్ని లీటర్లో మీరే గుణించుకోండి.

సుడిగుండం
మంగళవారం, రాత్రి 9:30

ఆలస్యంగా చూశాను. నాది ఫిజిక్స్, మెత్తటి పదార్థాల మీద పని. ప్రశ్న అడిగిన అమ్మాయి ముడతల గురించి అడిగితే మీరంతా పెళ్లి భోజనం దాకా వెళ్లిపోయారు. :)

2023 ఆగస్టులో సైన్స్ పత్రికలో జపాన్‌లోని త్సుకుబా యూనివర్సిటీ వాళ్ల పేపర్ వచ్చింది. ఫ్రాన్స్ భౌతికశాస్త్రవేత్తలు కూడా అందులో ఉన్నారు. మాష్టారు చెప్పిన ఆల్కనివోరాక్స్ బోర్కుమెన్సిస్ మీదే. నూనె చుక్కల్ని చిప్‌లో సన్నటి గదుల్లో ఒక్కొక్కటిగా బంధించి, కదలకుండా చూసి, గంటల తరబడి మైక్రోస్కోపుతో బొమ్మలు తీశారు. ఫ్లాస్కులో అయితే ఒకే చుక్కను రెండోసారి చూడలేం కదా, చిక్కంతా అదే.

వాళ్లు చూసిందేమిటంటే, నూనెకి కొద్దికాలమే అలవాటు పడిన బ్యాక్టీరియా చుక్క చుట్టూ మందపాటి గుండ్రటి పొర కడుతుంది. చుక్క గుండ్రంగానే ఉండి నెమ్మదిగా తగ్గుతుంది. ఎక్కువ రోజులు నూనె మీదే బతికిన బ్యాక్టీరియాని వేస్తే పొర పలుచగా ఉంటుంది, కానీ చుక్కే ఆకారం మార్చుకుంటుంది. గుంటలు పడి, వేళ్లలా గొట్టాలు పుట్టి, కొమ్మలు వేస్తుంది. జాతి అదే. మారింది అలవాటు. ఈ రెండో రకం నూనెను త్వరగా ఖాళీ చేస్తుంది.

ఎందుకంటే ఇలా. పాలు కాగబెట్టి చల్లారుస్తుంటే మీగడ కడుతుంది కదా. గిన్నె పక్కన తట్టి మీగడని మధ్యకి నెట్టండి. పోవడానికి చోటు లేక ముడత పడుతుంది. చుక్క మీద కణాలు రెండుగా చీలుతూ పెరుగుతున్నాయి, చుక్క మాత్రం తరుగుతోంది. చోటు చాలదు. అప్పుడు రెండు దారులు. ఒకటి, ఒకరి మీద ఒకరు ఎక్కి నీటి వైపు పొరను మందం చేసుకోవడం. అలా పైకెక్కినవాళ్లకి నూనె అందదు. రెండోది, నూనెను వదలకుండా ఆ ఉపరితలాన్నే వంచెయ్యడం. నూనెకి అలవాటు పడిన కణాల ఒళ్లు నీటిని ఇంకా ఎక్కువగా తోస్తుంది, కాబట్టి అవి నూనె వదిలి రావు. పైగా నూనె-నీరు మధ్య తన్యత (ఉపరితలాన్ని బిగించి ఉంచే లాగుడు) తగ్గి ఉంటుంది, కాబట్టి ఉపరితలం వంగడం తేలిక. శుద్ధమైన హెక్సాడెకేన్‌కీ నీటికీ మధ్య తన్యత మీటరుకి దాదాపు 52 మిల్లీన్యూటన్లు. అంత బిగుతులో ఏ బ్యాక్టీరియా తోసినా చుక్క కదలదు.

ఎక్కడ వంగుతుందన్నది నాకు బాగా నచ్చిన భాగం. మీ తల వెనక సుడి చూసుకున్నారా? జుట్టంతా ఎంత దువ్వినా ఒక చోట సుడి మిగులుతుంది. ఈ బ్యాక్టీరియా కడ్డీల్లా ఉంటాయి, పక్కపక్కనే ఒకే దిక్కుకి పడుకుంటాయి. సమతలం మీద అది కుదురుతుంది. బంతి మీద కుదరదు, ఎక్కడో అక్కడ వరస తప్పి తీరుతుంది. ఆ వరస తప్పిన చోట్ల నుంచే గొట్టాలు లేచాయి. చుక్కను ఇరుకు గదిలో అదిమి సుడి ఎక్కడ పడాలో వాళ్లే నిర్ణయిస్తే గుంట కూడా అక్కడే పడింది.

కాబట్టి రిఫైనరీ గారి లెక్కకి ఒక సవరణ. బంతిలో ఆకులు చాలకపోతే ఈ అతిథులు తామే ఆకులు కుట్టుకుంటున్నారు.

రిఫైనరీ_రిటైర్డ్
మంగళవారం, రాత్రి 10:05

సవరణ ఒప్పుకున్నాను. ముప్ఫై ఏళ్లు ఎమల్షన్లతో కుస్తీ పట్టాను, చుక్కను బ్యాక్టీరియా వంచుతుందని ఎవరూ చెప్పలేదు.

కెరటం_చివర
బుధవారం, సాయంత్రం 6:20

చాలా థాంక్స్ అందరికీ. ఫ్లాస్కు బతికే ఉంది. :)

మాష్టారు సార్ చెప్పినట్టు ఆమ్లం బొట్టు వేశాను. అడుగున ఉన్న తెల్లటి పొడి కరిగిపోయింది. చుక్క చుట్టూ ఉన్న పొర కరగలేదు. సూదితో గీరితే పలుచటి తోలులా లేచి వచ్చింది. క్రిస్టల్ వయొలెట్ వేస్తే కడ్డీల్లాంటి కణాలు ఒత్తుగా కనిపించాయి. గుంట స్లైడులో చూసినా ముడతలు అలాగే ఉన్నాయి. సుడిగుండం గారూ, మీ పేపర్ బొమ్మల్లో ఉన్నట్టే అనిపించి రాత్రి నిద్ర పట్టలేదు. ఆల్కనివోరాక్స్ అనే రాసేయొచ్చా? ఏ జాతో జన్యువు చదివి తేల్చే 16ఎస్ సీక్వెన్సింగ్‌కి పంపాను, ఇంకా రాలేదు.

ఫోటోలు మసగ్గా ఉన్నాయి, క్షమించాలి. మా మైక్రోస్కోపు గదిలో ఏసీ ఎప్పుడూ 16లో పెట్టి ఉంటుంది, బయట నుంచి వెచ్చటి తడి స్లైడు తెచ్చి పెడితే చల్లటి లెన్సు మీద తేమ పట్టేస్తోంది.

రిఫైనరీ_రిటైర్డ్
బుధవారం, సాయంత్రం 6:48

ఆగు తల్లీ, ఆగు. ఏసీ 16లోనా?

నీ హెక్సాడెకేన్‌నే మేము సీటేన్ అంటాం. డీజిల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే సీటేన్ నంబర్ కొలిచేటప్పుడు 100 మార్కులు ఇచ్చేది దీనికే. చలికాలంలో మా ల్యాబ్‌లో దాని సీసా ముందు గోరువెచ్చటి నీళ్లలో పెట్టుకుని గానీ పని మొదలుపెట్టేవాళ్లం కాదు. ఎందుకంటే అది 18 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది! 28లో ఉన్న షేకర్ నుంచి తీసి 16 డిగ్రీల గదిలో పెట్టి చూస్తున్నావు. నువ్వు చూసే ముడతలు పేరుకున్న నెయ్యి గరుకుదనం కావచ్చు.

సుడిగుండం
బుధవారం, రాత్రి 7:30

అయ్యో. ఇది నాకు తట్టాల్సింది. నిన్న సుడులూ మీగడా అని ఊదరగొట్టాను, ఉష్ణోగ్రత అడగనేలేదు.

అయితే ఒక మెలిక ఉంది. చాలా చిన్న చుక్కలు 18 కంటే బాగా కిందికి పోయినా ద్రవంగానే ఉండిపోతాయి, గడ్డకట్టడం మొదలవడానికి వాటిలో ఊతం దొరకదు. పెద్దవి త్వరగా గడ్డకడతాయి. కాబట్టి ఒకే స్లైడులో రెండు రకాలూ ఉండొచ్చు. బ్యాక్టీరియా లేని కంట్రోల్ ఫ్లాస్కు ఉందా? ఉంటే అదే గదిలో దాన్నీ చూడండి. తర్వాత ఏసీ ఆపి, గది 28కి వచ్చాక రెండూ మళ్లీ చూడండి. ఇది తప్ప వేరే దారి లేదు.

బోటు_మెకానిక్
బుధవారం, రాత్రి 8:10

నెయ్యి పేరుకోవడం అంత సింపుల్ సంగతికి ఇంతమంది పెద్దవాళ్లు రెండు రోజులు పట్టించారు. :) నవ్వుతున్నాను, కోపం తెచ్చుకోకండి సార్.

అడ్డప్రశ్న
బుధవారం, రాత్రి 8:55

ఈలోగా నాది ఇంకో ప్రశ్న. పొర మంచిదే అయితే, విరజిమ్మే రసాయనం చల్లితే బ్యాక్టీరియా చుక్కకి అతుక్కోవడం కష్టం కాదా? రసాయనం ముందే అంచున కూర్చుంటుంది కదా. ఆకులు పెంచి, వాటి మీద ముందే ఎవరినో కూర్చోబెట్టినట్టు.

మైక్రో_మాష్టారు
గురువారం, ఉదయం 7:00

మంచి ప్రశ్న. దీని మీద శాస్త్రవేత్తలే రెండు జట్లు. 2015లో మెక్సికో సింధుశాఖ లోతు నీటితో చేసిన ఒక ప్రయోగంలో, రసాయనం లేకుండా చమురు ఇస్తే మారినోబాక్టర్ అనే బ్యాక్టీరియా బాగా పెరిగింది, రసాయనం కలిపితే అది వెనకబడి కాల్వెల్లియా అనే ఇంకోటి ముందుకొచ్చింది, నూనె విరగడం వేగం కాలేదని రాశారు. ప్రయోగం చేసిన తీరు సముద్రంలాగా లేదు, చుక్కలు పలుచబడిన చోట రసాయనం మేలే చేస్తుందని ఇంకో జట్టు. నా ఓటు అడిగితే, నీటి పైన తెట్టు తీరానికి కొట్టుకొస్తున్నప్పుడు రసాయనం వాడటంలో అర్థం ఉంది, పక్షులూ మడ అడవులూ మిగులుతాయి. లోతులో పోయడం గురించి నాకంత నమ్మకం లేదు.

పొర ఎప్పుడూ మంచిదే అనుకోకు. మాకోండో పేలిన ఆ 2010లో బ్యాక్టీరియా వదిలిన జిగురు, చమురు చుక్కలు, ప్లాంక్టన్ చెత్త కలిసి దూదిపింజల్లా ఉండకట్టి అడుగుకి రాలిపోయాయి. సముద్రపు మంచు అంటారు దీన్ని. పైన తెట్టు మాయమైంది, అడుగున మట్టి మీద పరుచుకుంది.

ఇంకో సరదా సంగతి. పొరలో చేరడం ఒక ఎత్తు, వదిలి పోవడం ఒక ఎత్తు. ఎసినెటోబాక్టర్ ఆర్‌ఏజీ-1 అనే ఒకటి ఉంది, ఇజ్రాయెల్ వాళ్లు 1970ల నుంచీ దాని వెంట పడ్డారు. సన్నటి నూగులతో నూనెను పట్టుకుంటుంది. తనకి పనికొచ్చే ఆల్కేన్లు అయిపోగానే ఎమల్సాన్ అనే తన పై తొడుగును చుక్క మీదే వదిలేసి విడిపోతుంది. ఆ తొడుగు పూత పడిన చుక్కకి ఇంకో కణం అతుక్కోదు. ఎంగిలి విస్తరి మడిచి వెళ్లినట్టు.

కెరటం_చివర
శనివారం, మధ్యాహ్నం 3:15

రెండు రోజులు కనిపించలేదు, సారీ. చేసింది చెబుతాను.

కంట్రోల్ ఫ్లాస్కు ఉంది. ఏసీ గదిలో దాని చుక్కలు చూశాను. పెద్ద చుక్కల్లో చాలావరకు తెల్లగా గడ్డకట్టి గరుగ్గా ఉన్నాయి! చిన్నవి గుండ్రంగా, స్వచ్ఛంగా ఉన్నాయి. రిఫైనరీ సార్, మీ మాటే నిజం. నా మొదటి ఫోటోల్లో సగం పైగా నెయ్యే. అవి గైడ్‌కి చూపించి పేపర్ రాద్దామని మనసులో అనుకున్నాను, చెప్పడానికి సిగ్గుగా ఉంది.

తర్వాత వాచ్‌మన్ అన్నని బతిమాలి ఏసీ ఆపించి, కిటికీ తీసి, గంటన్నర కూర్చున్నాను. థర్మామీటర్ 29 చూపించింది. కంట్రోల్ చుక్కలన్నీ ముత్యాల్లా గుండ్రంగా అయిపోయాయి. కొత్తగా పెట్టిన ఒకరోజు కల్చర్ చుక్కలు కూడా గుండ్రంగానే ఉన్నాయి, చుట్టూ మసక పొర. ఆ పాత ఫ్లాస్కు కల్చర్‌లో బొడిపెలు పోయాయి, కానీ కొన్ని చుక్కలు మాత్రం గుండ్రంగా మారలేదు. ఇరవై చుక్కలు లెక్కపెట్టాను, ఏడింటికి ముడతలు మిగిలాయి. ఒకదాన్ని సూదితో నొక్కితే పక్కకి ఒదిగింది, వదిలేస్తే పాత ఆకారానికి రాలేదు. పైన తోలు ఉన్న పెరుగులా.

16ఎస్ కూడా వచ్చింది. ఆల్కనివోరాక్స్ కాదు. మారినోబాక్టర్.

మైక్రో_మాష్టారు
శనివారం, సాయంత్రం 5:00

శభాష్. ఆ ఏడు చుక్కలు నీ ప్రాజెక్టు.

మారినోబాక్టర్ అయినందుకు దిగులు పడకు. 1992లో ఫ్రాన్స్ మధ్యధరా తీరంలో దొరికిన మారినోబాక్టర్ హైడ్రోకార్బనోక్లాస్టికస్ మీద ఫ్రాన్స్‌లోనే చాలా పని జరిగింది. ఇప్పుడు దాని పేరు నాటికస్ అని మార్చారు, పాత పేపర్లు వెతికేటప్పుడు పాత పేరే కొట్టు. దాని ఎస్‌పీ17 రకం హెక్సాడెకేన్ మీద, గట్టి పారఫిన్ మైనం మీద కూడా పొర కడుతుంది. గడ్డకట్టిన నూనె అయినా దానికి తిండే, అది గుర్తుపెట్టుకో. పొరలో ఉన్నప్పుడు కణం లోపల మైనపు కొవ్వు నిల్వ చేసుకుంటుంది. పొర విడిచి పోయే కణాలు ఆ చద్దిమూటతోనే బయలుదేరతాయి, ఇంకో నూనె చుక్క దొరికేదాకా.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. "గొట్టాలు", "సుడులు" అనకు. అవి ఆల్కనివోరాక్స్‌లో, చిప్‌లో చూసినవి. నువ్వు చూసింది 29 డిగ్రీల్లో 20 చుక్కల్లో 7 గుండ్రంగా లేకపోవడం. అంతే రాయి.

సుడిగుండం
శనివారం, సాయంత్రం 5:40

ఒప్పుకుంటాను. తోలు గట్టిపడి పట్టేసిందా, తన్యత తగ్గి వంగిందా అన్నది ఆ నొక్కుడు పరీక్షతో తేలదు. చుక్క లోపల నుంచి సన్నటి సూదితో కాస్త నూనె లాగి చూడండి. తోలు అయితే ఖాళీ సంచిలా నలుగుతుంది.

ఇరవై చాలవు, వంద లెక్కపెట్టండి. కంట్రోల్‌లోనూ వంద. ఏది ఏ ఫ్లాస్కో తెలియకుండా స్నేహితురాలి చేత లెక్కపెట్టించండి.

కెరటం_చివర
శనివారం, రాత్రి 9:05

సరే సార్. గైడ్‌కి కూడా చెప్పాను. "పారెయ్" అన్నది ఆయనకి గుర్తు లేదట. వంద చుక్కలకి ఒప్పుకున్నారు, కానీ ఏసీ ఆపడానికి మాత్రం డిపార్ట్‌మెంట్‌కి అర్జీ పెట్టమన్నారు.

బోటు_మెకానిక్
శనివారం, రాత్రి 9:20

అమ్మా, మా ఇంటిపక్క షెడ్డులో ఏసీ లేదు, ఫ్యానూ లేదు. మైక్రోస్కోపు తెచ్చుకుంటే 32 డిగ్రీలు గ్యారంటీ. జిగురు కూడా ట్యాంకు నిండా ఇస్తాను.